ప్లాస్టిక్ సర్జన్ ముందు ఇంగ్లిష్‌లో ఎలా మాట్లాడాలి: చెన్నై వచ్చే తెలుగువాళ్లకు సమగ్ర మార్గదర్శి

నెల్లూరు, గూడూరు, తిరుపతి వైపు నుంచి వైద్యానికి చెన్నై వచ్చేవాళ్లూ, చెన్నైలో ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ రోడ్డులో ఉద్యోగం చేస్తూ ఊరి నుంచి అమ్మానాన్నల్ని పిలిపించుకునేవాళ్లూ పదేపదే అడిగే ప్రశ్న ఇది: "జ్వరం, షుగరు అయితే ఎలాగోలా చెప్పేస్తాం. ప్లాస్టిక్ సర్జన్ దగ్గర ఏమని చెప్పాలి? ఆయనకు తెలుగు రాదు, మాకు తమిళం రాదు."

ఇక మిగిలేది ఇంగ్లిషే. దానికి పెద్ద నిఘంటువేమీ అక్కర్లేదు. ఒక్క పద్ధతి పట్టుకోండి: సర్జరీ పేరు మీరు చెప్పొద్దు, మీ బాధ చెప్పండి. పేరు పెట్టడం డాక్టర్ పని. ఆయన పెట్టిన పేరు చెవిన పడగానే అర్థం కావడానికి మాత్రం కొన్ని మాటలు ముందే తెలిసి ఉండాలి. కింద ఇచ్చిన మెట్లన్నీ ఆ వరుసలోనే ఉన్నాయి.

ఇంట్లో పెద్దవాళ్లు "ఒంట్లో ప్లాస్టిక్ పెడతారా?" అని భయపడుతుంటే, ఇక్కడ ప్లాస్టిక్ అంటే మలచడం అని చెప్పి ముందుకు సాగండి. ఆ మాట గ్రీకు భాష నుంచి వచ్చింది.

1. మీది రీకన్‌స్ట్రక్టివా, కాస్మెటిక్కా? ముందు ఇది తేల్చుకోండి

ప్లాస్టిక్ సర్జరీలో రెండు గదులున్నాయి. కాలిన చర్మం, తెగిన వేలు, గ్రహణం మొర్రి, క్యాన్సర్ తీసేశాక మిగిలిన లోటు, ఇలా చెడిపోయినదాన్ని తిరిగి సరిచేసేది రీకన్‌స్ట్రక్టివ్ సర్జరీ. బాగానే ఉన్న అవయవాన్ని మనకు నచ్చినట్టు మార్చుకునేది కాస్మెటిక్ సర్జరీ. దీన్నే ఈస్తటిక్ సర్జరీ అని కూడా అంటారు.

ఈ తేడా డబ్బు దగ్గర బయటపడుతుంది. ఆరోగ్య బీమా పాలసీల్లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిర్దేశించిన మినహాయింపుల జాబితా ఒకటి ఉంటుంది. అందులో 08 కోడ్ కింద కాస్మెటిక్, ప్లాస్టిక్ సర్జరీ ఖర్చు ఇవ్వరని రాసి ఉంటుంది. అయితే ప్రమాదం, కాలిన గాయం, క్యాన్సర్ తర్వాత చేసే రీకన్‌స్ట్రక్షన్‌కు ఇది వర్తించదు. ఆరోగ్యానికి నేరుగా ముప్పు ఉండి, వైద్యపరంగా తప్పనిసరి అని డాక్టర్ ధ్రువీకరించిన చికిత్సకూ వర్తించదు. జీఎస్టీ లెక్కా దాదాపు ఇదే. పుట్టుకతోనో గాయంతోనో దెబ్బతిన్న రూపాన్ని, పనిని సరిచేస్తే పన్ను లేదు. కేవలం అందం కోసమైతే బిల్లులో పన్ను చేరుతుంది.

అందుకే వంకర ముక్కుతో వెళ్లినవాళ్లు "ఐ వాంట్ ఎ బెటర్ నోస్" అని మొదలుపెడితే సంభాషణ ఒక దారిలో పోతుంది. "ఐ కాంట్ బ్రీత్ త్రూ మై లెఫ్ట్ నాస్ట్రిల్" అంటే ఇంకో దారిలో పోతుంది. నిజంగా ఊపిరి ఆడకపోతే ఆ మాటే ముందు చెప్పండి. ఆడుతుంటే మాత్రం బీమా కోసం అబద్ధం చెప్పొద్దు. పరీక్షలో తేలిపోతుంది, అసలు క్లెయిమ్ కూడా పోతుంది. రెండు బాధలూ ఉంటే రెండూ విడివిడిగా చెప్పండి. ఆసుపత్రి రెండు ఖర్చులనూ వేరు చేసి చూపించగలదేమో అడగండి.

బీమా కాగితాల్లో చూడాల్సిన మాటలు ఇవి:

- మెడికల్లీ నెసెసరీ: వైద్యపరంగా తప్పనిసరి
- ఫంక్షనల్: రూపానికి కాక పనికి సంబంధించినది. వేలు మడవలేకపోవడం, కన్ను మూతపడకపోవడం లాంటివి
- కంజెనిటల్: పుట్టుకతో వచ్చినది
- ఎలెక్టివ్: అత్యవసరం కాదు, తేదీ మనం ఎంచుకోవచ్చు. "అనవసరం" అని మాత్రం కాదు
- ప్రీ-ఆథరైజేషన్: చేరకముందే బీమా కంపెనీ నుంచి తెచ్చుకునే అనుమతి

2. ఇంటి దగ్గరే ఒక కాగితం రాసుకోండి

ఓపీలో మీకు దొరికేది కొద్ది నిమిషాలే. గుర్తు తెచ్చుకుంటూ, అనువదించుకుంటూ కూర్చుంటే అవి కాస్తా అయిపోతాయి. కాబట్టి ఒకే ఒక్క కాగితం మీద, పెద్ద అక్షరాల్లో ఇవి రాసి పెట్టుకోండి.

- వయసు, బరువు, ఎత్తు
- సమస్య ఎప్పుడు మొదలైంది. "చాలా రోజుల నుంచి" అని కాదు, నెల, సంవత్సరం రాయండి
- ఇంతకుముందు అయిన ఆపరేషన్లు, ఏ సంవత్సరంలో
- రోజూ వేసుకునే మందులు, మోతాదుతో సహా. ఆయుర్వేదం, హోమియో కూడా
- అలర్జీ ఉన్న మందులు
- సిగరెట్, బీడీ, గుట్కా అలవాటు
- పాత ఫొటోలు, పాత డిశ్చార్జ్ సమ్మరీ, బీమా కార్డు

మందుల్లో ముఖ్యంగా చెప్పాల్సింది రక్తం పలచబడడానికి వాడేవి. వీటిని బ్లడ్ థిన్నర్స్ అంటారు. గుండె కోసం వేసుకునే ఆస్పిరిన్ కూడా ఈ లెక్కలోకే వస్తుంది. "ఐ టేక్ ఎ బ్లడ్ థిన్నర్" అని మొదటి రోజే చెప్పండి. అయితే మీ అంతట మీరు ఆపేయకండి. "షుడ్ ఐ స్టాప్ ఇట్? వెన్?" అని అడగండి.

పొగాకు సంగతి దాచకండి. నికోటిన్ వల్ల సన్నని రక్తనాళాలు ముడుచుకుంటాయి, అతికించిన చర్మానికి రక్తం అందదు. మామూలు ఆపరేషన్ల కంటే ఇక్కడ ఆ నష్టం ఎక్కువ. పక్కన నాన్నగారు ఉన్నారని మొహమాటపడే కుర్రాళ్లుంటే "కెన్ ఐ స్పీక్ టు యూ అలోన్, డాక్టర్?" అనే వాక్యం నేర్చుకుని వెళ్లండి.

షుగర్, బీపీ అంటే ఇక్కడి డాక్టర్లందరికీ తెలుసు, మాట్లాడేటప్పుడు అవి చాలు. ఫారాల్లో మాత్రం డయాబెటిస్, హైపర్‌టెన్షన్ అని రాయాలి.

3. బాధను ఇంగ్లిష్‌లోకి విడగొట్టండి

అసలు చిక్కంతా ఈ మెట్టులోనే ఉంది, ఇక్కడ తొందరపడొద్దు. తెలుగులో ఒక్క మాటతో సరిపెట్టేవాటికి ఇంగ్లిష్‌లో నాలుగు మాటలుంటాయి. వాటిలో తప్పుది వాడితే డాక్టర్ వేరే జబ్బు వైపు వెళ్లిపోతారు.

*మచ్చ.* గాయం మానాక మిగిలితే స్కార్. చర్మం రంగు ముదిరితే పిగ్మెంటేషన్ లేదా డార్క్ ప్యాచ్. పుట్టుమచ్చ నల్లటి చుక్కలా ఉంటే మోల్, పుట్టినప్పటి నుంచి పెద్దగా పరుచుకుని ఉంటే బర్త్‌మార్క్. మొటిమలు పోయాక పడిన గుంటలు ఆక్నే స్కార్స్. "బ్లాక్ మార్క్" అంటే వీటిలో ఏదైనా కావచ్చు కాబట్టి ఆ మాట వదిలేయండి.

స్కార్ అని చెప్పినా అది ఎలాంటిదో కూడా చెప్పాలి. ఉబ్బి ఉంటే రెయిజ్డ్, లోపలికి గుంటపడితే డిప్రెస్డ్, దురద పెడుతుంటే ఇచీ, పట్టి లాగుతుంటే టైట్. ఉబ్బిన మచ్చ గాయం గీత లోపలే ఆగితే హైపర్‌ట్రోఫిక్ స్కార్. గీత దాటి చుట్టూ పాకితే కీలాయిడ్. కీలాయిడ్ కుటుంబాల్లో నడుస్తుంది. అమ్మకో అక్కకో చెవి కుట్టించుకున్న చోట గడ్డలా పెరిగి ఉంటే "మై మదర్ హ్యాస్ కీలాయిడ్స్" అని తప్పక చెప్పండి, అది వింటే డాక్టర్ ఆలోచనే మారవచ్చు.

*గడ్డ.* చర్మం కింద చేతికి తగిలేది లంప్. చీముతో ఎర్రగా నొప్పి పెట్టేది బాయిల్ లేదా యాబ్సెస్. రక్తం గడ్డకడితే క్లాట్. ఇంకా తేలకముందే "ట్యూమర్" అనేసి ఇంట్లోవాళ్లను బెదరగొట్టకండి. లంప్ అంటే చాలు.

*నీరు.* "వాటర్ కేమ్" అంటే ఎవరికీ అర్థం కాదు. నీరు పట్టి వాచితే స్వెల్లింగ్. గాయం నుంచి పలచగా రసి కారుతుంటే క్లియర్ ఫ్లూయిడ్ ఈజ్ ఊజింగ్. చిక్కగా, పసుపుపచ్చగా, వాసనతో ఉంటే పస్. కుట్లు మానాక లోపల నీరు చేరి అక్కడ మెత్తగా ఊగుతుంటే డాక్టర్ దాన్ని సీరోమా అంటారు, రక్తం చేరితే హెమటోమా.

*తిమ్మిరి.* ఇందులో రెండు తేడాలున్నాయి. చీమలు పాకినట్టుంటే టింగ్లింగ్. ముట్టుకున్నా తెలియకపోతే నమ్‌నెస్. చేతి గాయాల్లో ఈ తేడాను బట్టే నరం నలిగిందా తెగిందా అని ఆలోచిస్తారు. ఏ వేలికి, వేలికి ఏ వైపున అన్నది కూడా చెప్పండి.

*నొప్పి.* సలుపు థ్రాబింగ్, మంట బర్నింగ్, పోటు షార్ప్, మొద్దుగా ఉండేది డల్, సూదితో గుచ్చినట్టుంటే ప్రిక్కింగ్. "వన్ టు టెన్‌లో ఎంత?" అని అడుగుతారు. అది మార్కుల పట్టిక కాదు, పది అంటే భరించలేనంత. మగవాళ్లు బింకానికి రెండు అని, ఆనక రాత్రంతా మూలగడం వార్డుల్లో రోజూ కనిపించేదే.

*కాలింది.* నిప్పుతో, కరెంటుతో, రసాయనంతో కాలితే బర్న్. వేడినీళ్లు, సాంబారు, నూనె పడితే స్కాల్డ్. ఎంత భాగం కాలిందో శాతంలో చెబుతారు. లోతును సూపర్‌ఫిషియల్, పార్షియల్ థిక్‌నెస్, ఫుల్ థిక్‌నెస్ అంటారు. చివరిదాంట్లో చర్మం పొరలన్నీ పోయినట్టు. మానాక చర్మం ముడుచుకుపోయి మెడో మోచెయ్యో పట్టేస్తే అది కాంట్రాక్చర్. మీరు ఆ మాట అనక్కర్లేదు, "ఐ కాంట్ స్ట్రెయిటెన్ మై ఎల్బో" అనండి. ఏ పని చేయలేకపోతున్నారో చెప్పే వాక్యమే అన్నిటికంటే బలమైనది.

వాక్యాల అచ్చు ఇది. ఖాళీల్లో మీవి నింపుకోండి:

- ఎక్కడ: "ఇట్స్ ఆన్ మై రైట్ ఇయర్‌లోబ్." కుడి, ఎడమ ఎప్పుడూ రోగి వైపు నుంచే
- ఎప్పటి నుంచి: "ఐ హ్యావ్ హ్యాడ్ ఇట్ ఫర్ టూ ఇయర్స్" లేదా "సిన్స్ 2023"
- ఎలా వచ్చింది: "ఇట్ స్టార్టెడ్ ఆఫ్టర్ ఎ బైక్ యాక్సిడెంట్"
- ఏం ఇబ్బంది: "ఐ కాంట్ క్లోజ్ మై ఫిస్ట్"
- ఏం కావాలి: "ఐ వాంట్ టు బి ఏబుల్ టు హోల్డ్ ఎ పెన్"

ఫర్, సిన్స్ దగ్గర దాదాపు అందరూ తడబడతారు. రోజుల లెక్క చెబితే ఫర్, ఒక తేదీనో సంవత్సరాన్నో చెబితే సిన్స్. "సిన్స్ టూ డేస్" అన్నా చెన్నై డాక్టర్‌కు అర్థమవుతుందిలెండి, విదేశంలో ఉన్న డాక్టర్‌తో వీడియో కాల్ మాట్లాడేటప్పుడు చూసుకోండి.

4. "చేయించుకున్నాను" అనే మాటను ఇంగ్లిష్‌లో పెట్టడం

"ఐ డిడ్ నోస్ సర్జరీ" అంటే మీరే కత్తి పట్టుకుని ఎవరికో చేశారని అర్థం. తెలుగులో చేశాను వేరు, చేయించుకున్నాను వేరు. ఇంగ్లిష్‌లో ఆ రెండో అర్థాన్ని "హ్యాడ్" మోస్తుంది.

- తప్పు: ఐ ఆపరేటెడ్ మై హ్యాండ్. ఒప్పు: ఐ హ్యాడ్ సర్జరీ ఆన్ మై హ్యాండ్
- తప్పు: మై సిస్టర్ డిడ్ ప్లాస్టిక్ సర్జరీ. ఒప్పు: మై సిస్టర్ హ్యాడ్ ప్లాస్టిక్ సర్జరీ
- తప్పు: డాక్టర్ ఆపరేటెడ్ మీ. ఒప్పు: ది డాక్టర్ ఆపరేటెడ్ ఆన్ మీ
- తప్పు: ఆపరేషన్ ఈజ్ సక్సెస్. ఒప్పు: ది ఆపరేషన్ వెంట్ వెల్
- తెగిన చెవి తమ్మె కుట్టించుకుంటే: ఐ హ్యాడ్ మై ఇయర్‌లోబ్ రిపేర్డ్

చేయించుకోబోతుంటే "ఐయామ్ హ్యావింగ్ ఇట్ డన్ నెక్స్ట్ వీక్". చేయించుకోవాలా వద్దా అన్న ఆలోచనలో ఉంటే "ఐయామ్ థింకింగ్ ఆఫ్ హ్యావింగ్ ఇట్ డన్". చేయించుకునే తీరాలనుకున్నవాళ్లతోనూ, ఊగిసలాడుతున్నవాళ్లతోనూ డాక్టర్ ఒకేలా మాట్లాడరు కాబట్టి ఈ రెండో వాక్యం చాలా పనికొస్తుంది.

5. డాక్టర్ నోట వచ్చే పేర్లు

పేర్లన్నీ బట్టీ పట్టకండి, తోకలు పట్టుకోండి. చివర ప్లాస్టీ అని ఉంటే మలచడం, సరిచేయడం. ఎక్టమీ ఉంటే తీసేయడం. ముందు భాగం అవయవం పేరు: రైనో ముక్కు, బ్లెఫరో కనురెప్ప, ఓటో చెవి, మామో రొమ్ము, అబ్డామినో పొట్ట. గుండెకు చేసే యాంజియోప్లాస్టీలోనూ ఆ తోకే ఉంది కానీ, దానికీ ప్లాస్టిక్ సర్జన్‌కూ సంబంధం లేదు.

ఎక్కువగా వినపడేవి:

- రైనోప్లాస్టీ: ముక్కు ఆకారం. సెప్టోప్లాస్టీ: లోపలి దూలం వంకర తీయడం
- బ్లెఫరోప్లాస్టీ: వాలిన రెప్పలు, కళ్ల కింద సంచులు
- ఓటోప్లాస్టీ: బయటికి పొడుచుకొచ్చిన చెవులు
- ఇయర్‌లోబ్ రిపేర్: బరువైన కమ్మలకు సాగి తెగిన తమ్మె. మామూలుగా లోకల్ అనస్థీషియాతో చేసి అదే రోజు ఇంటికి పంపుతారు. "వెన్ కెన్ ఐ పియర్స్ ఇట్ అగైన్?" అని అడగడం మరవొద్దు
- లైపోసక్షన్: ఒక చోట చేరిన కొవ్వు లాగేయడం. బరువు తగ్గించే చికిత్స కాదు
- అబ్డామినోప్లాస్టీ, వాడుకలో టమ్మీ టక్: వదులైన పొట్ట చర్మం తీసి బిగించడం
- గైనకోమాస్టియా: మగవాళ్లలో రొమ్ము పెరగడం. ఇది జబ్బు పేరే, ఆపరేషన్ పేరు కాదు. కుర్రాళ్లు సిగ్గుపడి "చెస్ట్ ఫ్యాట్" అంటారు, అదీ పర్వాలేదు
- క్లెఫ్ట్ లిప్, క్లెఫ్ట్ ప్యాలెట్: గ్రహణం మొర్రి, చీలిన అంగిలి. పెదవికి సాధారణంగా మూడు నెలల వయసు దాటాక, అంగిలికి ఏడాది అటూఇటూగా చేస్తారు. గ్రహణం నాడు తల్లి ఏదో కోసిందన్న మాట డాక్టర్ దగ్గర ఎత్తొద్దు, ఇంట్లోనూ ఎత్తొద్దు
- స్కార్ రివిజన్: పాత మచ్చను కోసి మళ్లీ సన్నగా కుట్టడం. మచ్చ పూర్తిగా పోదు

బోటాక్స్, ఫిల్లర్లు సర్జరీలు కావు, సూది మందులు. బోటాక్స్ కండరాన్ని కొన్ని నెలలు సడలిస్తుంది, ఫిల్లర్ లోటును నింపుతుంది. ఈ రెండింటినీ కలిపి "ఇంజెక్షన్" అనేస్తే ఏది వేశారో తర్వాత మీకే తెలియదు. "వాట్ ఈజ్ ది నేమ్ ఆఫ్ ది ప్రాడక్ట్?" అని అడిగి రాయించుకోండి.

కాలిన గాయాలకు, ప్రమాదాలకు వెళ్లినవాళ్లు రెండు మాటల తేడా గట్టిగా తెలుసుకోవాలి. గ్రాఫ్ట్ అంటే ఒక చోటి చర్మాన్ని పూర్తిగా వేరు చేసి ఇంకో చోట పరచడం. దానికి సొంత రక్తప్రసరణ ఉండదు, అది పరిచిన చోటే కొత్తగా వేళ్లూనుకోవాలి. ఫ్లాప్ అంటే రక్తనాళంతో సహా జరిపి తెచ్చిన కండ, చర్మం. మామిడి అంటు కట్టినవాళ్లకు గ్రాఫ్ట్ సంగతి వివరించక్కర్లేదు, పట్టిందా లేదా అని అదే ఎదురుచూపు. ఇంగ్లిష్‌లోనూ పట్టడమే: "హ్యాస్ ది గ్రాఫ్ట్ టేకెన్?"

చర్మం తీసిన చోటు డోనర్ సైట్. తొడ మీద ఇంకో గాయం ఎందుకొచ్చిందని కంగారుపడకుండా ఈ మాట గుర్తుంచుకోండి. చాలాసార్లు అసలు గాయం కంటే అదే ఎక్కువ మండుతుంది. చచ్చిన కండ తీసి శుభ్రం చేయడం డిబ్రీడ్‌మెంట్. ఇది ఒకటికి రెండుసార్లు జరగవచ్చు. అంతమాత్రాన మొదటిసారి సరిగ్గా చేయలేదని కాదు.

6. సంతకానికి ముందు అడగాల్సినవి, ఈ వరుసలో

మొదట మనిషి గురించి. ఎంబీబీఎస్, ఆపై జనరల్ సర్జరీలో ఎమ్మెస్, ఆ మీద ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ లేదా దానికి సమానమైన డీఆర్‌ఎన్‌బీ చదివినవాళ్లు ప్లాస్టిక్ సర్జన్లు. బోర్డు మీద కాస్మెటాలజిస్ట్ అని మాత్రమే ఉంటే అది సర్జన్ అర్హత కాదు. నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్లో డాక్టర్ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు వెతుక్కోవచ్చు. నేరుగా అడగాలంటే మర్యాదగా: "మే ఐ నో హూ విల్ బి ఆపరేటింగ్?" మిమ్మల్ని చూసిన పెద్ద డాక్టరూ, చేసే డాక్టరూ ఒకరు కాకపోవచ్చు.

- "వాట్ హ్యాపెన్స్ ఇఫ్ ఐ డోంట్ హ్యావ్ ఇట్?" చేయించుకోకపోతే ఏమవుతుంది?
- "వాట్ ఆర్ ది రిస్క్స్ ఫర్ సమ్‌వన్ లైక్ మీ?" నా షుగర్, నా వయసు లెక్కలోకి తీసుకుంటే ముప్పులేంటి?
- "వేర్ విల్ ది స్కార్ బి?" మచ్చ ఎక్కడ ఉంటుంది? ఉంటుందా అని అడగొద్దు, కత్తి పడిన చోట ఉండి తీరుతుంది
- "లోకల్ ఆర్ జనరల్ అనస్థీషియా?" ఆ చోటికే మత్తా, పూర్తిగా నిద్రా?
- "హౌ లాంగ్ బిఫోర్ ఐ కెన్ గో బ్యాక్ టు వర్క్?"
- "ఇఫ్ ఇట్ నీడ్స్ ఎ రివిజన్, హూ పేస్?" మళ్లీ సరిచేయాల్సి వస్తే ఖర్చు ఎవరిది?
- "వాట్ ఈజ్ నాట్ ఇంక్లూడెడ్ ఇన్ దిస్ ఎస్టిమేట్?" ఈ లెక్కలో కలవనిది ఏది?

ఆఖరి ప్రశ్న అడక్కపోతే ప్యాకేజీ అన్న మాటను నమ్మి మోసపోతారు. ఇంప్లాంటు (ఒంట్లో అమర్చే వస్తువు), ప్రెషర్ గార్మెంటు (ఒత్తి పట్టే బిగుతు బట్ట), అదనపు రోజు గది అద్దె, డ్రెస్సింగులు సాధారణంగా ఆ గీత బయట ఉంటాయి.

ఫొటోలు తీయడం ఈ విభాగంలో మామూలే, చికిత్సకు అవి కావాలి. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టడం వేరు. "ప్లీజ్ డోంట్ యూజ్ మై ఫొటోస్ ఫర్ పబ్లిసిటీ" అని నోటితో చెప్పి, ఫారంలో ఆ గడి ఉంటే టిక్ తీసేయండి.

7. కన్సెంట్ ఫారం, ముందు రోజు

మీకు అర్థమయ్యే భాషలో వివరించమనడానికి మొహమాటం వద్దు. "కెన్ సమ్‌వన్ ఎక్స్‌ప్లెయిన్ దిస్ ఇన్ తెలుగు?" అంటే చెన్నై ఆసుపత్రుల్లో తెలుగు వచ్చిన నర్సో, బిల్లింగ్ కౌంటర్లో మనిషో తరచూ దొరుకుతారు. ఒక ఆపరేషన్‌కు ఇచ్చిన సమ్మతి, ప్రాణం మీదికి వస్తే తప్ప, ఇంకో ఆపరేషన్‌కు చెల్లదని 2008లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో చెప్పింది. కాబట్టి ఫారంలో "అడిషనల్ ప్రొసీజర్స్" అన్న వాక్యం కనిపిస్తే అవేంటని అడగండి.

ముందు రోజు వినపడే మాట నిల్ బై మౌత్, అంటే నోటితో ఏమీ తీసుకోకూడదని. ఫైల్లో ఎన్‌బీఎం అనో ఎన్‌పీఓ అనో రాస్తారు. మామూలు లెక్క ఘనాహారం ఆరు గంటల ముందు, మంచినీళ్లు రెండు గంటల ముందు ఆపేయడం. మీకు చెప్పిన సమయమే పాటించండి. కాఫీలో పాలుంటాయి కాబట్టి అది నీళ్ల లెక్కలోకి రాదు. పొద్దున్నే అత్తయ్య ఫ్లాస్కులో ఫిల్టర్ కాఫీ తెచ్చి "ఒక్క గుక్కేగా" అనడం వల్ల వాయిదా పడ్డ ఆపరేషన్లు ఎన్నో. తాగేసి ఉంటే దాచకుండా చెప్పండి, మత్తులో వాంతయితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

సర్జన్ పెన్నుతో ఒంటి మీద గీతలు గీసేటప్పుడు అద్దంలో చూసి వైపు సరిచూసుకోండి. తేడా అనిపిస్తే అప్పుడే అడగండి: "ఈజ్ దిస్ ది కరెక్ట్ సైడ్?"

8. ఇంటికొచ్చాక ఫోన్లో, వాట్సాప్‌లో

వాపు స్వెల్లింగ్. కమిలి నీలంగా మారడం బ్రూజింగ్. పక్కు కట్టడం స్కాబ్. ఈ మూడూ మొదటి రోజుల్లో వచ్చేవే. కుట్లు ముఖం మీదైతే ఐదు నుంచి ఏడు రోజుల్లో, ఒంటి మీదైతే పది నుంచి పద్నాలుగు రోజుల్లో తీస్తారు. అబ్సార్బబుల్ అని చెబితే అవి వాటంతట అవే కరుగుతాయి. మచ్చ ఎరుపు తగ్గి మెత్తబడడానికి ఏడాది కూడా పట్టవచ్చు, రెండో నెలకే నిరాశపడకండి.

వెంటనే ఫోన్ చేయాల్సినవి:

- ఒక వైపే హఠాత్తుగా వాచి బిగుసుకోవడం: "సడన్ స్వెల్లింగ్ ఆన్ వన్ సైడ్"
- అతికించిన చర్మం నల్లగా, నీలంగా మారడం: "ది స్కిన్ హ్యాస్ టర్న్‌డ్ డార్క్"
- కుట్లు విడిపోవడం: "ది వూండ్ హ్యాస్ ఓపెన్డ్"
- ఎరుపు పాకడం, చీము, జ్వరం: "రెడ్‌నెస్ ఈజ్ స్ప్రెడింగ్"
- పిక్కలో నొప్పి, ఆయాసం: "కాఫ్ పెయిన్", "బ్రెత్‌లెస్". దీనికి ఫోన్ చేస్తూనే బయలుదేరండి

సందేశం పంపితే ఈ అచ్చులో పంపండి: పేరు, ఫైల్ నంబరు, ఆపరేషన్ తేదీ, ఈ రోజు ఏం మారింది, ఉష్ణోగ్రత ఎంత, వెలుతురులో తీసిన ఫొటో. "డాక్టర్ కొంచెం చూడండి ప్లీజ్" అన్న ఒక్క వాక్యం పంపితే అవతలివాళ్లు ఏం చూడాలి?

వేలు తెగిపడ్డప్పుడు మాటల కంటే చేతలు ముందు. తెగిన వేలిని శుభ్రమైన తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూసి, ఆ సంచిని ఐసు ఉన్న డబ్బాలో ఉంచండి. ఐసు నేరుగా తగలకూడదు. దారిలో ఆసుపత్రికి ఫోన్ చేసి "ఎ ఫింగర్ హ్యాస్ బీన్ కట్ ఆఫ్. వుయ్ హ్యావ్ ది ఫింగర్ విత్ అజ్" అనండి. చెన్నై ప్రభుత్వ ఆసుపత్రుల్లో చేతి గాయాలకు స్టాన్లీ, కాలిన గాయాలకు కీల్పాక్ పేరున్నవి.

అక్కడి వార్డుల్లో నర్సులు తమిళంలోనే అడుగుతారు. వలి అంటే నొప్పి, వీక్కం వాపు, ఎరిచ్చల్ మంట, తైయల్ కుట్లు. అరిప్పు అంటే దురద. ఎవరో అరిచారా అని అడుగుతున్నారనుకుని బిక్కమొహం వేయకండి.

9. పలకడంలో తడబడేవి

- వూండ్ అంటే గాయం, వౌండ్ కాదు
- నమ్ (numb): చివరి బి అక్షరం పలకరు
- మజిల్ కాదు, మసల్
- సూచర్ అంటే కుట్టు
- స్కార్ మచ్చ, స్కేర్ భయపెట్టడం
- గ్రాఫ్ట్, చివర టకారం మింగేస్తే గ్రాఫ్ అవుతుంది

ఉచ్చారణ గురించి ఇంతకంటే బెంగ అక్కర్లేదు. నోరు తిరగకపోతే రాసిన కాగితం చూపించండి.

10. వేరేవాళ్ల సర్జరీ గురించి మాట్లాడేటప్పుడు

ఆఫీసు కబుర్లలో వినపడే మాటలు కొన్ని: "షీ హ్యాస్ హ్యాడ్ వర్క్ డన్" అంటే ముఖానికి ఏదో చేయించుకుంది అని. తేడా తెలియనంత సహజంగా ఉంటే సటిల్, అతి అయితే ఓవర్‌డన్, చెడగొడితే బాచ్డ్. తన రూపం గురించి లోలోపల ముడుచుకుపోయే మనిషి సెల్ఫ్-కాన్షస్. వెయిన్ అంటే అందం మీద మిడిసిపాటు. ఈ రెండింటినీ కలపకండి, మొదటిది బాధ, రెండోది తిట్టు.

కాలిన మచ్చలున్న మనిషిని డిస్‌ఫిగర్డ్ అనొద్దు, "హి హ్యాస్ బర్న్ స్కార్స్" చాలు. గ్రహణం మొర్రికి పాత పుస్తకాల్లో ఉండే హేర్‌లిప్ అన్న మాటనూ ఇప్పుడు వాడరు.

సెలవు నుంచి వచ్చిన సహోద్యోగి ముక్కు మారినట్టనిపిస్తే "డిడ్ యూ డూ సంథింగ్?" అనడం మన ఊళ్లో పలకరింపు, ఇక్కడ మీటింగ్ గదిలో అవమానం. "యూ లుక్ వెల్ రెస్టెడ్" దగ్గర ఆగండి. అదే ప్రశ్న మీకు ఎదురైతే, చెప్పాలనుంటే "యెస్, ఐ హ్యాడ్ ఎ స్మాల్ ప్రొసీజర్" అనండి. చెప్పాలని లేకపోతే "ఐ'డ్ రాదర్ నాట్ టాక్ అబౌట్ ఇట్" అని మాట మార్చేయండి.